ఏ పైన్ అడవికి వెళ్ళాలి? చిర్, కైల్, చిల్గోజా, ఖాసీ పైన్‌లలో మీకు సరిపోయేది ఏది

పైన్ చెట్లు చూడాలని ఉంది, ఎక్కడికి వెళ్ళమంటారు అని అడిగేవాళ్ళను నేను ముందు రెండు విషయాలు అడుగుతాను. ఏ నెలలో వెళ్తున్నారు? మీతో వచ్చేవాళ్ళు ఎంత ఎత్తు దాకా ఇబ్బంది పడకుండా ఉండగలరు? ఊరి పేరు ఆ తర్వాతే. మన దేశంలో పైన్ అడవులన్నీ ఒకటి కాదు. ఐదారు వందల మీటర్ల ఎత్తులోనే మొదలై ఎండకు ఓర్చుకునే పైన్ ఒకటి, మూడు వేల మీటర్ల పైన మంచు మోసే పైన్ ఒకటి. వాన సరిగ్గా అందని రాతి కొండల మీద పెరిగి గింజలిచ్చేది ఒకటైతే, దేశంలోకెల్లా ఎక్కువ వాన పడే కొండల పక్కనే పెరిగేది ఇంకొకటి. ఫొటోల్లో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్తే ఆకు వేరు, బెరడు వేరు, కింద నేల వేరు. అక్కడి మనుషులకు ఆ చెట్టుతో ఉన్న సంబంధం కూడా వేరు.

ప్రపంచంలో పైన్ జాతులు 110కి పైగా ఉన్నాయి. దాదాపు అన్నీ భూమధ్యరేఖకు ఉత్తరానే పుట్టాయి. సుమత్రా దీవిలోని మెర్కుసీ పైన్ ఒక్కటే సహజంగా ఆ రేఖ దాటి కొంచెం దక్షిణానికి వెళ్ళింది. మన దేశంలో సహజంగా పెరిగే పైన్ జాతులను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అవన్నీ హిమాలయాల్లో, ఈశాన్య కొండల్లో ఉన్నాయి. దక్షిణాదిలో తనంతట తాను పుట్టిన పైన్ ఒక్కటీ లేదు. ఊటీ, కొడైకెనాల్, అరకుల్లో మీరు చూసిన పైన్‌లు మనుషులు నాటినవి. వాటి సంగతి తర్వాత చెప్తాను.

వెళ్ళే ముందు చెట్టును గుర్తుపట్టడం నేర్చుకోండి

ఇది ఐదు నిమిషాల పని, కానీ ప్రయాణం మొత్తాన్ని మార్చేస్తుంది. పైన్ ఆకులు సూదుల్లా ఉంటాయి, ఆ సూదులు కొమ్మకు చిన్న చిన్న కట్టలుగా అంటుకుని ఉంటాయి. నేల మీద రాలిన కట్ట ఒకటి తీసి, అందులో ఎన్ని సూదులున్నాయో లెక్కపెట్టండి. ఐదుంటే కైల్, అంటే బ్లూ పైన్. మూడుండి జానెడు పొడవు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే చిర్ పైన్. మూడే ఉండి, వేలెడంత పొట్టిగా, బిరుసుగా ఉంటే చిల్గోజా. మేఘాలయ వైపు మూడు సూదులు సన్నగా, మెత్తగా కనిపిస్తే అది ఖాసీ పైన్. అరుణాచల్ తూర్పు చివర లోయల్లో రెండు సూదుల పైన్ కూడా ఉంది, కానీ అంత దూరం వెళ్ళే మనవాళ్ళు తక్కువ.

చెట్టు పైన్‌లా ఉన్నా ఈ లెక్కకు అందకపోతే అది పైన్ కాదు. సిమ్లా నడిబొడ్డున ఉన్న రిడ్జ్ మైదానం చుట్టూ, మనాలిలో హిడింబా దేవి గుడి చుట్టూ ఉన్న మహావృక్షాలను మనవాళ్ళు పైన్ అంటూ ఫొటోలు పెడుతుంటారు. అవి దేవదారులు. దేవదారు సూదులు అంగుళం రెండంగుళాలే ఉంటాయి. పొట్టి కణుపుల మీద పదుల కొద్దీ గుత్తిగా, పువ్వు విచ్చుకున్నట్టు ఉంటాయి. కాయలు కొమ్మ మీద నిటారుగా నిలబడి, అక్కడే పొరలు పొరలుగా విడిపోతాయి. పైన్ కాయ మాత్రం మొత్తంగా కింద పడుతుంది. సూదులు ఒక్కొక్కటిగా విడివిడిగా కొమ్మకు అంటుకుని ఉంటే అది ఫర్ గానీ స్ప్రూస్ గానీ అవుతుంది. హిమాచల్‌లో వాటిని తోష్, రాయ్ అంటారు.

దేవదారు పైన్ కాకపోయినంత మాత్రాన చూడదగ్గది కాదని కాదు. నిజానికి ఆ నీడ గొప్పది. కానీ పైన్ కోసం వెళ్ళి దేవదారు చూసి రావడం, దేవదారు కోసం వెళ్ళి చిర్ చూసి రావడం మన టూర్ ప్యాకేజీల్లో తరచూ జరుగుతుంది. అందుకే ముందే తెలిసి ఉండాలి.

చిర్ పైన్: దగ్గరగా, తేలిగ్గా, నెల చూసుకుని

మొదటిసారి వెళ్ళేవాళ్ళకు, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు నేను చిర్ అడవినే చెప్తాను. 500 మీటర్ల నుంచి 2,000 మీటర్ల దాకా ఇదే రాజ్యమేలుతుంది. కాబట్టి ఊపిరి ఆడదనే టెన్షన్ ఉండదు. ఉత్తరాఖండ్‌లో రాణీఖేత్, అల్మోడా, కౌసానీ, లాన్స్‌డౌన్, హిమాచల్‌లో ధరంపూర్, సోలన్ చుట్టుపక్కల కొండలు దీని సొంత ఊళ్ళు. రాణీఖేత్‌కు కాఠ్‌గోదాం దాకా, లాన్స్‌డౌన్‌కు కోట్‌ద్వార్ దాకా రైలు ఉంది, అక్కడి నుంచి ఘాట్ రోడ్డు.

చార్‌ధామ్ యాత్రకు వెళ్ళివచ్చిన తెలుగువాళ్ళు చిర్ అడవిని ఇప్పటికే చూసి ఉంటారు, పేరు తెలియకపోవచ్చు, అంతే. రుద్రప్రయాగ, కర్ణప్రయాగ దారుల్లో అలకనంద ఒడ్డు కొండల మీద నిటారుగా, ఎడం ఎడంగా నిలబడేవి ఇవే. బెరడు మందంగా, ఎర్రటి మట్టిరంగులో, పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. కింద నేలంతా ఎండిన సూదులు పరుచుకుని ఉంటాయి. ఆ సూదులను అక్కడ పిరూల్ అంటారు. వాటి మీద నడక జాగ్రత్త, పొడి రోజుల్లో వాలు మీద కాలు జర్రున జారుతుంది. పట్టున్న బూట్లు లేకుండా పెద్దవాళ్ళను వాలు దిగనివ్వకండి.

ఈ చెట్టు శాస్త్రీయ నామం పైనస్ రాక్స్‌బర్గై. ఆ రాక్స్‌బర్గ్ మనకు పరాయివాడు కాదు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యత తీసుకునే ముందు ఆయన చాలా ఏళ్ళు మన సామర్లకోటలో ఉండి, కోరమాండల్ తీరపు మొక్కలను బొమ్మలు గీయించి, తెలుగు పేర్లతో సహా రాసిపెట్టాడు. గోదావరి జిల్లాల నుంచి ఉత్తరాఖండ్‌లోని కుమావూఁ కొండలకు వెళ్ళేవాళ్ళు ఆ చెట్టు కింద నిలబడి ఆయన్ను ఒకసారి తలుచుకోవడం న్యాయం అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు నెల సంగతి, ఇది చాలా ముఖ్యం. మన పిల్లలకు సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ మొదటి వారాల దాకా. సరిగ్గా అప్పుడే చిర్ సూదులు రాలి, ఎండి, అడవి అంటుకునే కాలం. సూదుల్లో బంక ఉంటుంది కాబట్టి మంట క్షణాల్లో పాకుతుంది. పెద్ద చెట్టు మందపు బెరడుతో బతికిపోతుంది, కింద ఉన్న లేత ఓక్ మొక్కలు మాత్రం మాడిపోతాయి. 2024 ఏప్రిల్ చివర నైనిటాల్ దగ్గర మంటలు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్ భీమ్‌తాల్ చెరువులో నీళ్ళు నింపుకుని వెళ్ళాల్సి వచ్చింది. ఆ జూన్‌లోనే బిన్సర్ అభయారణ్యంలో మంటల దగ్గరకు వెళ్ళిన అటవీ సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. అదే ఏడాది ఉత్తరాఖండ్ ప్రభుత్వం పల్లె జనం ఏరి తెచ్చిన పిరూల్‌ను కిలో 50 రూపాయలకు కొంటామని ప్రకటించింది. వేసవిలో వెళ్తే కొండల మీద పొగ తప్ప దూరపు మంచు శిఖరాలు కనిపించని రోజులు ఉంటాయి. జూలై నుంచి సెప్టెంబర్ సగం దాకా కొండచరియలు విరిగిపడతాయి. అందుకే దసరా సెలవుల నుంచి నవంబర్ చివరి దాకా వెళ్ళండి, కుదరకపోతే ఫిబ్రవరి, మార్చి. అక్టోబర్‌లో కౌసానీ నుంచి త్రిశూల్, నందాదేవి శిఖరాలు చిర్ కొమ్మల మధ్య నుంచి స్పష్టంగా కనిపిస్తాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. కుమావూఁ, గఢ్వాల్ పల్లెల్లో ఆడవాళ్ళను అడిగి చూడండి, చిర్ మీద పెద్ద ప్రేమ కనిపించదు. బ్రిటిష్ వాళ్ళు బంక కోసం, రైలు పట్టాల కింద వేసే కలప కోసం ఈ చెట్టును పెంచి పోషించారు. పశువులకు మేత, వంటకు కట్టె, ఊటలకు నీరు ఇచ్చే బాంజ్ ఓక్ అడవి వెనక్కి తగ్గింది. 1921లో కుమావూఁ ప్రజలు అటవీ చట్టాల మీద కోపంతో చిర్ అడవులకు నిప్పు పెట్టారు. చెట్ల కాండాలకు చెక్కిన గాట్లు, వాటి కింద వేలాడే గిన్నెలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ బంకను అక్కడ లీసా అంటారు. దాన్ని కాచి టర్పెంటైన్, రోజిన్ తీస్తారు. చెట్టు అందంగా ఉందని మురిసిపోయేటప్పుడు ఇది కూడా తెలిసి ఉంటే, ఒక బాంజ్ అడవిలోకి కూడా నడిచి రావాలనిపిస్తుంది. బిన్సర్ పై భాగంలో అలాంటి అడవి ఉంది. వెళ్తే తేడా మీ చర్మానికే తెలుస్తుంది. చిర్ కింద పొడి, బాంజ్ కింద తేమ.

చిర్ నుంచి దేవదారు దాకా ఒకే రోజులో చూడాలంటే కల్కా–సిమ్లా బొమ్మ రైలు ఎక్కండి. 1903లో మొదలైన 96 కిలోమీటర్ల దారి. కల్కా దగ్గర పొదల అడవి, ధరంపూర్, బరోగ్ దగ్గర చిర్, పైకి పోయేకొద్దీ ఓక్, సిమ్లా చేరేసరికి దేవదారు. ఎత్తు చెట్టును ఎలా మారుస్తుందో చూపించడానికి పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఇంకెక్కడా దొరకదు. నడవలేని అమ్మమ్మలు, తాతయ్యలు కూడా కిటికీ పక్కన కూర్చునే చూడొచ్చు.

కైల్: వేసవి సెలవుల్లోనే వెళ్ళాలంటే ఇదే

మే నెలలో తప్ప వీలుకాదు అనేవాళ్ళు చిర్ వదిలేసి పైకి, కైల్ దగ్గరికి వెళ్ళండి. 1,800 మీటర్ల పైన మొదలై 3,500 దాటి కూడా పెరుగుతుంది. కులు లోయ, మనాలి, కిన్నౌర్‌లో సాంగ్లా, కశ్మీర్‌లో పహల్‌గాం, గుల్మర్గ్ వైపు దీన్ని చూడొచ్చు. అమర్‌నాథ్ యాత్రికులు పహల్‌గాం నుంచి చందన్‌వాడీ వెళ్ళే దారిలో దీని మధ్య నుంచే వెళ్తారు.

సూదులు ఐదేసి, సన్నగా, కిందికి వాలుతూ, నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో ఉంటాయి. గాలి వీస్తే చెట్టంతా వెండి మెరుపు పాకుతుంది. కాయలు దాదాపు జానెడు పొడవుతో, కొమ్మ చివర్ల నుంచి వేలాడతాయి, బంక కారుతుంటాయి. పిల్లలు ఏరుకొచ్చి బ్యాగులో పెట్టుకుంటే బట్టలన్నీ పాడవుతాయి. అందంలో నాలుగింటిలోకీ ఇదే మొదటిది అని నా అభిప్రాయం. చిర్ అడవిలా ఒకే చెట్టు పరుచుకుని ఉండదు. దేవదారు, ఫర్, స్ప్రూస్, వాల్‌నట్ కలిసి ఉంటాయి, కాబట్టి చూడటానికి ఎక్కువ ఉంటుంది.

అయితే మే, జూన్‌లలో మనాలి రోడ్డు మీద వాహనాలు బారులు తీరి ఉంటాయి. అడవి చూడ్డానికి వెళ్ళి కారులో కూర్చుని వచ్చేస్తారు. ఊరు వదిలి ఏదైనా పక్క లోయలో రెండు మూడు రాత్రులు ఉండండి. 2,500 మీటర్లు దాటితే కొందరికి తలనొప్పి, వికారం వస్తాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముందు డాక్టరును అడిగి బయలుదేరాలి.

అరుణాచల్‌లోని జీరో లోయలోనూ ఈ కైల్ ఉంది. అక్కడి అపతానీ తెగవాళ్ళు వెదురుతో పాటు దీన్ని తమ ఊళ్ళ పక్కన తోటలుగా పెంచుకుంటారు. ఇల్లు కట్టడానికి, పొయ్యిలోకి అదే. అడవిని మనిషి ఇంత ఒద్దికగా చూసుకోవడం కూడా చూసి తీరాల్సిన విషయమే. అరుణాచల్ వెళ్ళడానికి మనకు కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు.

చిల్గోజా: దూరం, కష్టం, అయినా

చెట్ల మీద నిజంగా ఇష్టం ఉన్నవాళ్ళు ఒకే ఒక్క ప్రయాణం చేయగలిగితే నేను కిన్నౌర్‌కే పంపిస్తాను. చిల్గోజా పైన్ మన దేశంలో ముఖ్యంగా హిమాచల్‌లోని కిన్నౌర్‌లోనూ, చంబా జిల్లా పాంగీ వైపూ ఉంది. దేశం దాటితే పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ కొండల్లో ఉంది. వర్షాకాలపు మబ్బులను ముందు వరస కొండలే ఆపేస్తాయి, వాటి వెనక పొడి లోయల్లో ఇది పెరుగుతుంది. సిమ్లా నుంచి సట్లెజ్ వెంట పైకి పోతుంటే, కర్ఛం దాటాక కొండల రంగు పచ్చ నుంచి గోధుమకు మారుతుంది. రాయి తప్ప మట్టి కనిపించని వాలుల మీద, పగుళ్ళలో వేళ్ళు దూర్చి ఈ చెట్లు నిలబడి ఉంటాయి.

దీని బెరడు చూడాలి. పలుచని రేకులుగా ఊడిపోతూ, బూడిద, లేతాకుపచ్చ, వెండి రంగుల మచ్చలు వదిలేస్తుంది. ముసలి చెట్టును తాకితే చల్లగా, నున్నగా ఉంటుంది. మిగతా మూడు పైన్‌లలో ఇలాంటి బెరడు లేదు.

కాయ రెండో ఏటికి గానీ తయారుకాదు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోత. కాయలు విచ్చుకోకముందే ఊళ్ళవాళ్ళు చెట్టెక్కి, కొక్కెం కర్రలతో లాగి దింపుతారు. ఎండబెట్టి, విడదీసి గింజలు తీస్తారు. అక్కడ వాటిని న్యోజా అంటారు. పెళ్ళిళ్ళలో, పండుగల్లో అతిథుల మెడలో న్యోజా దండలు వేస్తారు. బజారులో కిలో వేల రూపాయల్లో పలుకుతుంది. ఇక్కడే బాధ ఉంది. చిర్, కైల్ గింజలకు రెక్క ఉంటుంది, గాలికి ఎగిరి కొత్త చోట మొలుస్తాయి. చిల్గోజా గింజ బరువైంది, ఎగిరే రెక్క లేదు. పక్షులో చిన్న జంతువులో మోసుకెళ్ళాలి. గింజలన్నీ బజారుకే పోతే వాటికి మిగిలేది ఏమీ ఉండదు. కొమ్మలు విరిగితే వచ్చే ఏటి కాయలు కూడా పోతాయి. కిన్నౌర్ కొండల మీద పెద్ద చెట్లు కనిపించినంతగా చిన్న మొక్కలు కనిపించవు. ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ప్రమాదానికి దగ్గరగా ఉన్న జాతుల్లో చేర్చింది. ప్రతి చెట్టు మీదా కొన్ని కాయలు వదిలేయాలని అటవీ అధికారులు, పరిశోధకులు చెప్తూనే ఉన్నారు. గింజ కొనే మనం కూడా ఇది తెలుసుకుని కొనాలి. పండుగకో, బాలింతకో కొంచెం కొనండి. కేజీలకు కేజీలు అక్కర్లేదు.

వెళ్ళడానికి అక్టోబర్ మొదటి సగం మంచిది. రోడ్లు తెరిచి ఉంటాయి, కోత నడుస్తుంటుంది, కొత్త గింజ రెకాంగ్ పియో బజారుకు రావడం మొదలవుతుంది. సిమ్లా నుంచి రెకాంగ్ పియో ఒక పూర్తి రోజు ప్రయాణం. పక్కన లోతైన లోయలు, ఇరుకు రోడ్డు. ఘాట్ రోడ్డులో వాంతులయ్యేవాళ్ళకు, చిన్నపిల్లలకు నేను చెప్పను. రాంపూర్‌లోనో సరాహన్‌లోనో ఒక రాత్రి ఆగి వెళ్తే శరీరం అలవాటు పడుతుంది. కల్పాలో బస చేస్తే పొద్దున్నే ఎదురుగా కిన్నర్ కైలాస్ శ్రేణి, చుట్టూ దేవదారు, చిల్గోజా. అక్కడి నుంచి జంగీ, పూహ్ వైపు కారులో వెళ్తే రాతి వాలుల మీద అసలైన చిల్గోజా అడవి వస్తుంది. వెనక్కి వచ్చేటప్పుడు సాంగ్లా వైపు తిరిగితే కైల్ కూడా చూసినట్టే. ఒకే ప్రయాణంలో రెండు పైన్‌లు, మధ్యలో దేవదారు. చిర్ కావాలంటే కల్కా నుంచి రైలులో మొదలుపెట్టండి, మూడూ అవుతాయి.

హైదరాబాద్‌లో బేగం బజార్ డ్రై ఫ్రూట్ దుకాణాల్లో చిల్గోజా దొరుకుతుంది. గోధుమరంగు పెంకుతో, సన్నగా, పొడవుగా ఉండేది అసలైనది. పెంకు తీసి, పొట్టిగా, కన్నీటి చుక్క ఆకారంలో అమ్మేవి చాలావరకు వేరే దేశపు వేరే పైన్ గింజలు. అవి చెడ్డవి కావు, కానీ చిల్గోజా ధర పెట్టి వాటిని కొనకండి. నూనె గింజ కాబట్టి త్వరగా కమురు వాసన వస్తుంది. తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టి, తొందరగా తినేయండి.

ఖాసీ పైన్: హిమాలయం వద్దనుకునేవాళ్ళకు

ఖాసీ పైన్ కోసం మేఘాలయలోని షిల్లాంగ్ వెళ్ళండి. అది దాదాపు 1,500 మీటర్ల ఎత్తు. గువాహటి నుంచి 100 కిలోమీటర్లు, మంచి రోడ్డు. దారిలోనే ఉమియం చెరువు, దాని చుట్టూ పైన్‌లు. ఎత్తు భయం లేదు, విపరీతమైన చలి లేదు, మేఘాలయకు మనకు పర్మిట్ అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి గువాహటికి విమానం, విశాఖ వైపు నుంచి రైలు ఉన్నాయి. అక్టోబర్ చివర నుంచి మార్చి దాకా వెళ్ళండి. నవంబర్‌లో అయితే షిల్లాంగ్‌లో చెర్రీ చెట్లు కూడా పూస్తాయి. వానాకాలంలో పైన్ కోసం మాత్రం వెళ్ళొద్దు. ఆ వాన అందం వేరు, దానికి జలపాతాలు చూడాలి.

ఈ చెట్టు మేఘాలయ నుంచి మణిపూర్, నాగాలాండ్ మీదుగా బర్మా, థాయ్‌లాండ్, వియత్నాం, ఫిలిప్పీన్స్ దాకా పెరుగుతుంది. ఈ మధ్య మనవాళ్ళు వియత్నాం టూర్లలో డా లాట్ వెళ్ళి మురిసిపోయే పైన్ కొండల్లో ఉన్నదీ ఈ జాతే. డబ్బు చూసుకునేవాళ్ళకు షిల్లాంగ్ చాలు.

షిల్లాంగ్ వెళ్తే మాఫ్‌లాంగ్ పవిత్ర వనం తప్పకుండా చూడండి. అడవి నరికి, కాల్చి వదిలేసిన నేలల్లోకి పైన్ తొందరగా వచ్చేస్తుంది, వెలుతురు దానికి ఇష్టం. అక్కడి ఖాసీ తెగవాళ్ళు దేవుడి పేరుతో ఒక్క ఆకు కూడా తీయనివ్వకుండా కాపాడుకున్న మాఫ్‌లాంగ్‌లో మాత్రం వెడల్పాకుల చెట్లు, నాచు, ఆర్కిడ్లు దట్టంగా ఉన్నాయి. బయట పైన్, లోపల పాత అడవి. గైడును తీసుకునే వెళ్ళాలి, లోపలి నుంచి ఏదీ తేకూడదు.

ఊటీ, కొడైకెనాల్, అరకు

వారాంతంలో పైన్ మధ్య ఒక సాయంత్రం గడిపితే చాలు, హిమాలయం దాకా ఎక్కడ వెళ్తాం అనేవాళ్ళకు ఇవి ఉన్నాయి. విశాఖ నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే దారిలో పైన్ తోట ఉంది. డిసెంబర్, జనవరిలో మంచు పొద్దుల్లో బాగుంటుంది. ఊటీ, కొడైకెనాల్‌లలో వరసలుగా నాటిన పైన్‌లు ముఖ్యంగా మెక్సికో నుంచి తెచ్చిన పాటులా జాతి. సూదులు పొడవుగా, జుట్టులా వేలాడతాయి, కాయలు గుత్తులుగా ఏళ్ళ తరబడి కొమ్మకే అంటుకుని ఉంటాయి.

ఫొటో కోసం వెళ్ళేవాళ్ళను నేను ఆపను. కానీ పైన్ అడవి చూశాం అని మాత్రం అనుకోవద్దు. నీలగిరుల్లో ఆ చోట ఒకప్పుడు ఉన్నది గడ్డి మైదానం, లోయల్లో షోలా అనే గుబురు అడవి. ఆ గడ్డిలో నీలగిరి వరయాడు అనే కొండమేక మేసేది, వాన నీరు నిలిచి వాగులుగా దిగేది. కలప కోసం యూకలిప్టస్, వాటిల్, పైన్ నాటాక చాలా చోట్ల అది పోయింది. ఆ పైన్‌ల కింద చూడండి, సూదుల పరుపు తప్ప మరో మొక్క అరుదు. ఊటీ వెళ్ళినప్పుడు ఒక పూట అవలాంచి వైపు షోలాకు కేటాయించండి. అరకు కొండల సొంత చెట్లు మద్ది, ఏగిస, మామిడి లాంటివి. అక్కడ కాఫీ తోటల్లో మిరియం తీగ పాకించుకున్న పొడవాటి సిల్వర్ ఓక్‌ను కూడా కొందరు పైన్ అంటారు. అది ఆస్ట్రేలియా చెట్టు.

అలాగే సూర్యలంక, చీరాల తీరంలో గాలికి హోరెత్తే సరుగుడు కూడా పైన్ కాదు. ఆ సూది నిజానికి ఆకే కాదు, సన్నని కొమ్మ. కణుపు దగ్గర విరిస్తే ముక్కలు ముక్కలుగా ఊడి వస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకు

మీ దగ్గర ఉన్న పైన్‌లే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే అక్కడి వైవిధ్యం మనకన్నా చాలా ఎక్కువ. అట్లాంటా, రాలీ, హ్యూస్టన్ చుట్టూ ఎక్కువగా ఉండేది లాబ్లాలీ పైన్. వసంతంలో కార్ల మీద పసుపుపచ్చటి పొడి కప్పేది ముఖ్యంగా ఇలాంటి పైన్‌ల పుప్పొడే. తీరం వైపు వెళ్ళే వీలుంటే లాంగ్‌లీఫ్ పైన్ అడవి వెతుక్కోండి. అప్పుడప్పుడూ నేల మీద మంట పాకితేనే బతికే అడవి అది. లేత మొక్క కొన్నేళ్ళు గడ్డి దుబ్బులా నేలకే అంటుకుని వేరు దించుకుంటుంది, తర్వాత ఒక్కసారిగా పైకి లేస్తుంది. కాలిఫోర్నియా వాళ్ళకైతే బ్రిసిల్‌కోన్ పైన్‌లు ఉన్న వైట్ మౌంటెన్స్. అక్కడ 4,800 ఏళ్ళు దాటిన చెట్టు బతికే ఉంది. కానీ ఎత్తు 3,000 మీటర్లు మించుతుంది, రోడ్డు వేసవిలోనే తెరుస్తారు, కాబట్టి జూలై నుంచి సెప్టెంబర్ లోపు వెళ్ళాలి.

ఇంట్లో పైన్ పెంచాలంటే

కడియం నర్సరీల నుంచి, హైదరాబాద్ శివారు నర్సరీల నుంచి పైన్ పేరుతో తెచ్చుకునేవి సాధారణంగా అరకేరియా. క్రిస్మస్ ట్రీ అని అమ్ముతారు. పసిఫిక్ దీవుల చెట్టు, అంతస్తులు అంతస్తులుగా కొమ్మలు వేస్తుంది, మన వేడికి తట్టుకుంటుంది. అచ్చమైన పైన్ కాకపోయినా మైదానపు ఇంటికి అదే సరైన ఎంపిక. కుండీలో కొన్నేళ్ళు ఉంటుంది. నేలలో పెడితే మేడను మించి పెరుగుతుంది, కాబట్టి గోడకు, కరెంటు తీగలకు దూరంగా పెట్టండి.

కొండ నుంచి పైన్ మొక్కను పీకి తెచ్చుకోవడం మాత్రం వద్దు. పైన్ వేళ్ళు నేలలోని కొన్ని బూజులతో కలిసి బతుకుతాయి. ఆ బూజు నీరు, పోషకాలు అందిస్తుంది, చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. ఆఫ్రికాలో మొదట పైన్ నాటినప్పుడు చాలా చోట్ల మొక్కలు పసుపెక్కి ఆగిపోయాయి. పైన్ అడవి మట్టిని తెచ్చి కలిపాకే లేచాయి. మన నల్లరేగడిలో, మేడ మీద కుండీలో ఆ తోడు దొరకదు, చల్లని చలికాలమూ దొరకదు. కింద రాలిన విచ్చుకున్న కాయ ఒకటి తెచ్చుకుంటే చాలు. అది కూడా చిర్‌దో ఖాసీ పైన్‌దో అయితేనే. చిల్గోజా కాయ మాత్రం అక్కడే వదిలేయండి.